ఏనుగుకి కల్లు తాగించింది ఎవరు?

2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర తీసిన వీడియోలు మీ ఫోన్లో ఇంకా ఉండే ఉంటాయి. కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. ఇటు సింగ్ నగర్‌లో బుడమేరు నీళ్లు. ప్రకృతి బలాన్ని ఒక ఫ్రేములో పట్టాలని మనమే కాదు, కళాకారులూ ఎప్పటి నుంచో చూస్తున్నారు. అలాంటి రెండు ఫ్రేములు ఈ రోజు చూద్దాం.

మొదటిది అమెరికాది. 1836లో థామస్ కోల్ వేసిన 'ది ఆక్స్‌బో'. ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎడమవైపు నల్ల మబ్బులు, విరిగిన చెట్లు, అడవి. కుడివైపు ఎండ, పొలాలు, వంపు తిరిగిన కనెక్టికట్ నది. కింద బండల మధ్య బొమ్మ వేసుకుంటున్న ఒక చిన్న మనిషి. అది కోలే! వెతికితే గానీ కనపడడు. ప్రకృతి ముందు మనం ఎంతో చెప్పడానికి ఆ సైజు చాలు.

రెండోది మనది. దానికి 16 వందల ఏళ్ల ముందే, శాతవాహనుల కాలంలో, కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపం కోసం సున్నపురాయిలో చెక్కారు. ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. గుండ్రటి పలక. ఇదీ రెండు భాగాలే. ఒక పక్క నలగిరి అనే ఏనుగు వీధిలో పడి జనాన్ని తొక్కేస్తోంది. భయంతో ఒకరినొకరు పట్టుకున్నవాళ్లు, పైన కిటికీల్లోంచి చూస్తున్నవాళ్లు. మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది.

తేడా ఎక్కడుందంటే, కోల్ బొమ్మలో తుఫాను దానంతట అదే వస్తుంది, పోతుంది. నలగిరికి మాత్రం ఊరికే పిచ్చెక్కలేదు. బుద్ధుణ్ణి చంపించాలని దేవదత్తుడు దానికి కల్లు తాగించి వీధిలోకి వదిలించాడని జాతక కథ చెబుతుంది. కాళ్ల కింద పడిందేమో కల్లు తాగించినవాళ్లు కాదు, దారిన పోయేవాళ్లు.

ఇప్పుడు బుడమేరుకి రండి. వాన ఆకాశం నుంచే పడింది, నిజమే. కానీ ఏరు పొర్లే పల్లంలో ప్లాట్లు వేసింది మనుషులు. మునిగిందేమో వాటిని కొనుక్కుని ఇల్లు కట్టుకున్నవాళ్లు.

ఈసారి చెన్నై వెళ్తే ఆ పలక ముందు రెండు నిమిషాలు ఆగండి. ఏనుగుని ఒక్కదాన్నే చూసి వచ్చేయకండి, దాని కాళ్ల దగ్గర ఎవరున్నారో చూడండి. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం.