జేబు ఖాళీ చేయించిన గొంతు

సెప్టెంబర్ 30 జార్జ్ వైట్‌ఫీల్డ్ వర్ధంతి. 1770లో అమెరికాలోని న్యూబరీపోర్ట్‌లో కన్నుమూసిన ఈ ఇంగ్లిష్ బోధకుడు బైబిల్ కథ చెప్పేవాడు కాదు, ఆడి చూపించేవాడు.

ఆ విద్య ఆయనతో మొదలు కాలేదు. ఆరో శతాబ్దిలో కాన్‌స్టాంటినోపుల్‌లో కవి రోమనోస్ కట్టిన పద్య ప్రసంగాల్లో మరియ, యేసు ఎదురెదురుగా మాట్లాడుకుంటారు. 1223 క్రిస్మస్‌కు ఇటలీలోని గ్రెచ్చోలో అసీసీ సాధువు ఫ్రాన్సిస్ ఎద్దును, గాడిదను తెప్పించి, పశువుల తొట్టి పక్కనే నిలబడి బోధించాడు. అక్కడి నుంచి ఒక్క గెంతులో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్ వెళ్దాం.

అక్కడి ఓ సత్రంలో 1714లో పుట్టిన వైట్‌ఫీల్డ్‌కు చిన్నప్పుడు నాటకాల పిచ్చి. వేషం కోసం బడి ఎగ్గొట్టేవాడు. భక్తిలో పడ్డాక నాటకాన్ని తిట్టాడు గానీ అభినయం వదల్లేదు. 1739లో బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికులకు ఆరుబయట బోధిస్తే, మసిబారిన చెంపల మీద కన్నీళ్లు తెల్లటి చారలు కట్టాయట. పేతురు ఏడ్చే ఘట్టం వస్తే అంగీ మడతలో మొహం దాచుకునేవాడు. ఆయనలా ‘ఓ’ అనగలిగితే వంద గినీలు ఇస్తానని లండన్ నటుడు గారిక్ అన్నాడని ప్రతీతి.

అన్నిటికన్నా నాకిష్టమైంది అమెరికాలోని ఫిలడెల్ఫియా ముచ్చట. జార్జియాలో అనాథాశ్రమానికి చందాలు అడుగుతున్నాడు వైట్‌ఫీల్డ్. దాన్ని ఫిలడెల్ఫియాలోనే కట్టమన్న తన సలహా వినలేదని బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు కినుక. పైసా ఇవ్వకూడదనుకునే కూర్చున్నాడు. కాసేపటికి రాగి నాణేలిద్దామనిపించింది. మరి కాసేపటికి వెండి. ప్రసంగం ముగిసేసరికి బంగారంతో సహా జేబంతా పళ్లెంలో పడింది! ముందుజాగ్రత్తగా ఇంట్లోనే జేబులు దులుపుకొచ్చిన మరో పెద్దమనిషి, మనసు కరిగి, పక్కనున్న క్వేకర్ శాఖ క్రైస్తవుణ్ని అప్పడిగాడు. ‘ఇంకెప్పుడైనా ఇస్తాను, ఇప్పుడు నువ్వు నీలో లేవు’ అన్నాడాయన. ఇదంతా ఫ్రాంక్లిన్ ఆత్మకథలోనిదే. ఊరూరా చెప్పి చెప్పి ఆ ప్రసంగాలు నునుపు తేలేవనీ, ఏది పాతదో వినగానే తెలిసిపోయేదనీ కూడా రాశాడు.

అయితే జార్జియాలో బానిసత్వాన్ని చట్టబద్ధం చేయమని వాదించిందీ ఈ గొంతే. ఆయన ఆశ్రమం బానిసల చెమటతో నడిచింది.

ఈ అభినయ బోధ తర్వాతి కథ ఒక దారిన సాగదు. మైకు వచ్చింది, రేడియో వచ్చింది, సినిమా వచ్చింది. మన దగ్గర సువార్త బుర్రకథ ఎక్కింది. 1978లో విజయచందర్ క్రీస్తుగా ‘కరుణామయుడు’ వచ్చాక పల్లెల్లో తెర కట్టి చూపించారు. ఇప్పుడు ఫోన్లలో గొంతు పెంచడమే అభినయమనుకునేవారూ ఉన్నారు. అరుపుకు చెవులు మూసుకుంటాం, పాత్ర కనబడితేనే కళ్లు తడుస్తాయి.

ఏడిపించగలగడం విద్య. ఎవరి కోసం ఏడిపించాడన్నది పరీక్ష. మొదటిదాంట్లో వైట్‌ఫీల్డ్‌కు నూటికి నూరు వేయొచ్చు. బానిసల విషయంలో మాత్రం సున్నాయే.