సాధారణ నివాసం ఎక్కడ? బిడ్డల అభిరక్ష చట్టచరిత్రలో తెలుగువారి వ్యాజ్యాలు – విశాఖ సందర్భం

వ్యాస సంగ్రహం:
తల్లిదండ్రులు విడిపోయినప్పుడు బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది అందరికీ కనిపించే ప్రశ్న. దానికంటే ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ వివాదాన్ని ఏ ఊరి న్యాయస్థానం విచారించాలి? 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం దీనికి ‘మైనరు సాధారణంగా నివసించే చోటు’ అని సమాధానమిచ్చింది. తెలుగు కుటుంబాలకు సంబంధించిన వ్యాజ్యాల ఆధారంగా ఈ మాట చరిత్రను పరిశీలించి, వలసలు, బదిలీల నగరమైన విశాఖపట్నంలో దానికున్న ప్రాధాన్యాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: అభిరక్ష, సంరక్షకత్వం, సాధారణ నివాసం, విడాకులు, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం:
విశాఖపట్నం బతుకుతెరువు కోసం వచ్చినవారితో పెరిగిన నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. తూర్పు నౌకాదళ కేంద్రం కూడా ఇక్కడే ఉంది. ఉద్యోగరీత్యా వచ్చి క్వార్టర్లలో కాపురం పెట్టిన దంపతులకు పుట్టిల్లు ఒక జిల్లాలో, అత్తవారిల్లు మరొక జిల్లాలో ఉండటం సహజం. అటువంటి కాపురం చెదిరితే బిడ్డ చిరునామా మారిపోతుంది. ఆ మార్పు చట్టం దృష్టిలో ఎంత విలువైనదో తెలియాలంటే నూట పాతికేళ్లకు పైబడిన చరిత్రను చూడాలి.

2. 1890 చట్టం – రెండు భావనలు:
‘సంరక్షకత్వం’, ‘అభిరక్ష’ అనే మాటలను వ్యవహారంలో ఒకే అర్థంలో వాడుతున్నా, న్యాయశాస్త్రంలో అవి వేరు. మైనరు తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం, ఆస్తి వ్యవహారాలు చూసే అధికారం సంరక్షకత్వంలోకి వస్తాయి. బిడ్డను దగ్గర ఉంచుకొని పెంచడం అభిరక్ష. వాడుకలో ‘కస్టడీ’ అంటున్నది దీన్నే. జమీందారీలు విస్తరించిన ఉత్తర కోస్తాలో పంతొమ్మిదవ శతాబ్దమంతా మైనరు విషయంలో ప్రభుత్వ దృష్టి ప్రధానంగా ఆస్తిపైనే నిలిచింది. 1804 నాటి మద్రాసు రెగ్యులేషను ద్వారా ఏర్పడిన కోర్ట్ ఆఫ్ వార్డ్స్ మైనరు వారసుల ఎస్టేట్లను నిర్వహించేది.

1890 చట్టం ఈ దృష్టిని విస్తృతం చేసింది. 9వ సెక్షను ప్రకారం, మైనరు సంరక్షకత్వానికి సంబంధించిన అర్జీని ఆ మైనరు సాధారణంగా నివసించే ప్రాంతపు జిల్లా న్యాయస్థానంలో వేయాలి. 17వ సెక్షను మైనరు శ్రేయస్సును ప్రమాణంగా చూపింది. వివేకంతో అభిప్రాయం చెప్పగల వయసు వచ్చిన మైనరు అభీష్టాన్ని న్యాయస్థానం పరిగణించవచ్చని కూడా పేర్కొంది. అయితే 19వ సెక్షను, తండ్రి జీవించి ఉండి అనర్హుడు కానంతవరకు, మైనరు శరీర సంరక్షణకు వేరొకరిని నియమించరాదని నిర్దేశించింది. ఒకే చట్టంలో బిడ్డ శ్రేయస్సు, తండ్రి హక్కు ఎదురెదురుగా నిలిచాయి.

3. నారాయణయ్య వ్యాజ్యం (1912–1914):
ఈ వైరుధ్యం మొదటిసారి లోకానికంతటికీ తెలిసింది ఒక తెలుగు తండ్రి వ్యాజ్యంతోనే. మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగ విరమణ చేసిన దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. భార్య సంజీవమ్మ 1905లో మరణించింది. 1909లో పిల్లలతో అడయారు చేరిన ఆయన, 1910 మార్చిలో తన కుమారులు కృష్ణమూర్తి, నిత్యానందల సంరక్షణను అనీబిసెంటుకు లిఖితపూర్వకంగా అప్పగించారు. 1912లో ఆమె బాలురను విద్య కోసం ఇంగ్లండులో ఉంచారు. ఆ తరువాత మనసు మార్చుకున్న తండ్రి, పిల్లలను తిరిగి ఇప్పించవలసిందిగా చెంగల్పట్టు జిల్లా న్యాయస్థానంలో దావా వేశారు. అది మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. 1913లో హైకోర్టు తండ్రికి అనుకూలంగా తీర్పు చెప్పింది. అప్పీలులోనూ తండ్రే నెగ్గారు.

1914 మేలో ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును రద్దు చేసింది. ఇందులో గమనించవలసిన అంశాలు మూడు. మొదటిది, తండ్రి సహజ సంరక్షకుడన్న సూత్రాన్ని ప్రివీ కౌన్సిల్ కాదనలేదు. పైగా సంరక్షకత్వాన్ని పవిత్రమైన బాధ్యతగా వర్ణించి, తండ్రి తన జీవితకాలంలో దాన్ని శాశ్వతంగా ఇతరులకు ధారపోయలేడని, ఇచ్చిన అనుమతిని తిరిగి తీసుకోవచ్చని చెప్పింది. రెండవది, బాలురు ఇంగ్లండులో నివసిస్తున్నందున వారు చెంగల్పట్టు జిల్లాలో సాధారణంగా నివసిస్తున్నట్లు భావించలేమని నిర్ణయించింది. మూడవది, బాలుర అభీష్టాన్ని తెలుసుకోకుండా వారి భవితవ్యాన్ని నిర్ణయించడాన్ని తప్పుపట్టింది.

అంటే నారాయణయ్య ఓడింది తండ్రిత్వం విషయంలో కాదు, న్యాయస్థానం అధికార పరిధి విషయంలో. తన అనుమతితోనే పిల్లలు సముద్రం దాటారు. ఆ ప్రయాణమే ఆయనకు దగ్గరి న్యాయస్థానాన్ని దూరం చేసింది. మరొక విషయం కూడా ఉంది. దావా వేసేనాటికి పదిహేడేళ్లున్న కృష్ణమూర్తికి తుది తీర్పు నాటికి పంతొమ్మిదేళ్లు. ఎవరి బాల్యం గురించి పోరాటం జరిగిందో ఆ బాల్యం తీర్పు కోసం ఆగలేదు.

4. విడాకుల చట్టం – తల్లి స్థానం:
నారాయణయ్య వ్యాజ్యంలో తల్లి లేదు. తల్లీతండ్రీ ఎదురెదురుగా నిలిచే వ్యాజ్యాలు విస్తృతం కావడానికి విడాకుల చట్టం రావలసి వచ్చింది. అప్పటికి మద్రాసు రాష్ట్రంలో భాగమైన విశాఖపట్నానికి 1949 నాటి మద్రాసు హిందూ ద్విభార్యాత్వ నిషేధ, విడాకుల చట్టం ఆ దారి తెరిచింది. 1955 హిందూ వివాహ చట్టం 26వ సెక్షను, వివాహ వ్యాజ్యం విచారిస్తున్న న్యాయస్థానమే పిల్లల అభిరక్ష, పోషణ, విద్యల గురించి ఉత్తర్వులు ఇవ్వడానికి వీలు కల్పించింది.

1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షను సహజ సంరక్షకుడిగా ముందు తండ్రిని, అతని తరువాత తల్లిని పేర్కొంది. ఐదేళ్లలోపు బిడ్డ అభిరక్ష సాధారణంగా తల్లికే ఉండాలంది. 13వ సెక్షను మైనరు శ్రేయస్సే సర్వోన్నతమని ప్రకటించింది. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన వ్యాజ్యంలో 1999లో సుప్రీంకోర్టు ‘అతని తరువాత’ అనే మాటకు ‘అతని మరణానంతరం’ అని కాక ‘అతడు అందుబాటులో లేనప్పుడు’ అని అర్థం చెప్పింది. 2010 సవరణతో 1890 చట్టం 19వ సెక్షనులో తండ్రితోపాటు తల్లికీ చోటు దక్కింది. తండ్రికిచ్చిన ప్రాధాన్యాన్ని 6వ సెక్షను నుంచి తొలగించాలని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫారసు చేసింది. ఉమ్మడి అభిరక్షకు చట్టంలో చోటివ్వాలని కూడా సూచించింది.

5. సముద్రం దాటిన తెలుగు కాపురాలు:
శతాబ్దం గడిచాక 9వ సెక్షను మళ్లీ తెలుగు కుటుంబం ద్వారానే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అమెరికాలో స్థిరపడిన ఒక జంటలో భార్య అక్కడి పెన్సిల్వేనియా న్యాయస్థానంలో విడాకుల, అభిరక్షల వ్యాజ్యం వేశారు. 2017లో ఆమె పిల్లలతో భారతదేశానికి వచ్చి, కొద్దివారాలకే హైదరాబాదు కుటుంబ న్యాయస్థానంలో అభిరక్ష కోరారు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ఇంత స్వల్పకాలంలో హైదరాబాదులో ‘సాధారణంగా నివసించేవారు’ కాలేరని సుప్రీంకోర్టు 2019 మార్చిలో తేల్చింది.

అంతకుముందు, తిరుపతిలో పెళ్లాడి అమెరికాలో విడిపోయిన మరొక జంట విషయంలో 2007లో న్యూయార్కు న్యాయస్థానం ఉభయ సమ్మతితో ఉమ్మడి అభిరక్ష ఉత్తర్వు ఇచ్చింది. తరువాత తల్లి బాలుణ్ణి భారతదేశానికి తీసుకువచ్చారు. తండ్రి హెబియస్ కార్పస్ పిటిషను వేయగా, ఆచూకీ కనుగొనే పని సీబీఐకి అప్పగించవలసి వచ్చింది. 2009 నవంబరులో సుప్రీంకోర్టు బాలుణ్ణి అమెరికా న్యాయస్థాన పరిధికే పంపింది. పిల్లల అక్రమ తరలింపుపై 1980 నాటి హేగ్ ఒడంబడికలో భారతదేశం చేరకపోవడంవల్ల ఇటువంటి ప్రతి వివాదాన్నీ న్యాయస్థానాలు విడివిడిగా తేల్చవలసి వస్తోంది.

1914, 2019 తీర్పులు పైకి విరుద్ధంగా కనిపిస్తాయి. మొదటిదానిలో పిల్లలు చేరిన కొత్త చోటు చెల్లింది, రెండవదానిలో చెల్లలేదు. కాని రెండింటి వెనుక ఉన్న తర్కం ఒకటే. ఇంగ్లండు ప్రయాణానికి తండ్రి సమ్మతి, విద్య అనే స్థిరమైన ఉద్దేశం, గడిచిన కాలం ఆధారాలయ్యాయి. హైదరాబాదు రాకలో ఆ ఆధారాలు లేవు. బిడ్డ ఉన్న చోటు వేరు, బిడ్డ బతుకు వేళ్లూనిన చోటు వేరు.

6. విశాఖ సందర్భం:
ఈ భేదం విదేశీ వ్యాజ్యాలకే పరిమితం కాదు. ఉదాహరణకు, విజయవాడలో పెళ్లి జరిగి ఉక్కునగరంలో కాపురమున్న దంపతులు విడిపోయారనుకుందాం. తల్లి బిడ్డతో శ్రీకాకుళంలోని పుట్టింటికి వెళ్లింది. హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకుల అర్జీని పెళ్లి జరిగిన చోట గాని, చివరిసారి కలిసి కాపురమున్న చోట గాని, ప్రతివాది నివసించే చోట గాని వేయవచ్చు. 2003 సవరణ తరువాత భార్య తాను ఉంటున్న చోటా వేయవచ్చు. సంరక్షకత్వపు అర్జీ మాత్రం బిడ్డ సాధారణ నివాసాన్ని బట్టే నడుస్తుంది. విడాకుల చట్టం దంపతుల చిరునామాలను వెతుకుతుంది, సంరక్షకత్వ చట్టం బిడ్డ చిరునామాను వెతుకుతుంది. బిడ్డ చదివిన బడి విశాఖలో ఉందా, శ్రీకాకుళంలో ఎన్నాళ్లుగా ఉంటోంది, ఆ మార్పు ఇద్దరి సమ్మతితో జరిగిందా అన్నవే అక్కడ నిర్ణాయకాలు.

1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం విశాఖపట్నం కుటుంబ న్యాయస్థానం విడాకులను, సంరక్షకత్వ వివాదాలను కూడా విచారించగలదు. రాజీకి ప్రయత్నించడం, సలహాదారుల సహాయం తీసుకోవడం ఈ చట్టంలోని విశేషాలు. అయితే పరిధి వివాదం మొదలైతే అసలు విషయం వెనుకబడుతుంది. ఆ కాలంలో బిడ్డ ఎవరి దగ్గర ఉంటే వారివైపే అలవాటు, బడి, స్నేహాలు మొగ్గుతాయి. అలా ఆలస్యమే ఒక పక్షానికి సాక్ష్యంగా మారుతుంది.

7. ముగింపు:
• నారాయణయ్య వ్యాజ్యం తండ్రి హక్కును తిరస్కరించలేదు. ఆ హక్కు కూడా బిడ్డ నివాసానికి, అభీష్టానికి లోబడి నడవాలని స్థాపించింది.
• 1956 నుంచి 2010 వరకు వచ్చిన చట్టాలు, తీర్పులు తల్లి స్థానాన్ని క్రమంగా బలపరిచినా, 6వ సెక్షనులో తండ్రికిచ్చిన ప్రాధాన్యం అక్షరరూపంలో మిగిలే ఉంది.
• సాధారణ నివాసం సాంకేతికాంశం మాత్రమే కాదు. ఒకరు బిడ్డను తీసుకువెళ్లి రెండవవారి హక్కును నామమాత్రం చేయకుండా కాపాడే కట్టడి అది.
• ఆ కట్టడి ఫలించాలంటే పరిధి ప్రశ్న మొదటి వాయిదాల్లోనే తేలాలి. అది తేలేలోగా బిడ్డ ఇద్దరినీ కలుసుకునే ఏర్పాటు మధ్యంతర ఉత్తర్వుల ద్వారా జరగాలి. వ్యాజ్యానికి వాయిదాలుంటాయి కాని బాల్యానికి ఉండవు.