ఖరగ్‌పూర్ రైల్వే కార్మికుల చేతి గాయాలు: పరిహారం, అప్పీళ్ళ చరిత్ర

మలంచా పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణంలో ఒక పేట. మథురాకాటి, నిమ్‌పురాల లాగే ఇక్కడా తరాలుగా తెలుగు రైల్వే కుటుంబాలు ఉంటున్నాయి. 19వ శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కూడలి చేసి, ఆ వెంటనే పెద్ద కారఖానా కట్టింది. ఆ పనికి నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువారు పెద్దసంఖ్యలో తరలివెళ్ళారు. కొలిమి దగ్గర సుత్తి వేయడం, లేతు మీద ఇనుము తరగడం, బోగీలను కొక్కేలతో కలపడం, పట్టాల మీద గ్యాంగు పని వంటివన్నీ చేతులతో సాగేవే. అందుచేత వేలు తెగినా, మణికట్టు విరిగినా, బొటనవేలు నలిగినా ఆ ఇంటి రాబడికే దెబ్బ తగిలేది. అటువంటి గాయానికి చట్టం ఎంత వెల కట్టింది, ఆ వెలను కార్మికుడు ఎక్కడ సవాలు చేయగలిగాడు అన్నది వందేళ్ళ చరిత్ర.

1923కు ముందు భారతదేశంలో గాయపడ్డ కార్మికుడికి పరిహారాన్ని హక్కుగా ఇచ్చే సాధారణ చట్టం లేదు. బ్రిటన్‌లో అది 1897లోనే వచ్చింది. 1906లో అక్కడి చట్టం వృత్తి వ్యాధులనూ చేర్చుకుంది. తంతి మీట నొక్కీ నొక్కీ చెయ్యి కొంకర్లు పోయే జబ్బును 1908లో ఆ జాబితాకెక్కించారు. గాయమేదీ లేకుండా పనివల్లే మణికట్టు, వేళ్ళు చెడిపోతాయని ఒక ప్రభుత్వం అంత తొందరగా ఒప్పుకోవడం విశేషమే. ఇక్కడి కార్మిక పరిహార చట్టం 1924 జూలై 1న అమల్లోకి వచ్చింది. అందులో మొదటి పట్టిక సంపాదనశక్తి నష్టం లెక్కన శరీరాన్ని శాతాలుగా విడగొట్టింది. మోచేతి పైన కుడి చెయ్యి పోతే 70, ఎడమ చెయ్యి పోతే 60. మోచేతి కింద అయితే కుడికి 60, ఎడమకు 50. బొటనవేలికి 25, చూపుడువేలికి 10, మిగతా వేళ్ళలో దేనికైనా 5 మాత్రమే. పూర్తి శాశ్వత వైకల్యానికి 42 నెలల జీతం, లేదా 3,500 రూపాయలు, ఏది తక్కువైతే అది. పదిరోజులకు మించి పని ఆగితేనే పరిహారం. పదిరోజుల్లో మానిన గాయానికి ఏమీ రాదు.

పట్టికలో కుడి, ఎడమల తేడా పైకి న్యాయంగానే కనిపిస్తుంది. ఎడమ చేతివాటం ఉన్న కమ్మరికి మాత్రం అది శుద్ధ అన్యాయం. 1962 సవరణ ఆ తేడాను తీసేసి పట్టికను కొత్తగా రాసింది. ఇప్పుడు మణికట్టు వరకు ఏ చెయ్యి పోయినా 60, బొటనవేలికి 30, నాలుగు వేళ్ళకు 50, చూపుడువేలికి 14, మధ్యవేలికి 12, ఉంగరపు వేలికి లేదా చిటికెనవేలికి 7. ఎముక పోకుండా చూపుడువేలి కొస మాత్రం తెగితే 5. అంగం శరీరానికి అంటిపెట్టుకునే ఉన్నా పూర్తిగా, శాశ్వతంగా పనికిరాకుండా పోతే, పోయినట్టే లెక్క.

ఖరగ్‌పూర్‌లో ఈ హక్కులు కాగితం దాటి కార్మికుడి దాకా రావడానికి సంఘబలం కావాల్సి వచ్చింది. బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి. వి. గిరి అప్పట్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మిక సంఘానికి నాయకుడు. 1927 ఫిబ్రవరిలో ఇక్కడ సమ్మె జరిగింది, సెప్టెంబరులో లాకౌట్ వచ్చింది. తగాదా ప్రధానంగా ఉద్యోగాల కోత మీదే అయినా, కారఖానాలోని తెలుగు కార్మికుడు యాజమాన్యంతో సంఘంగా మాట్లాడటం నేర్చుకున్న రోజులవి. 1929లో ఏర్పడిన రాయల్ లేబర్ కమిషన్ 1931లో నివేదిక ఇచ్చింది. దాని వెంట వచ్చిన 1933 సవరణ పదిరోజుల నిరీక్షణను ఏడుకు తగ్గించింది. 1959లో అది మూడు రోజులైంది.

అసలు పోరాటమంతా శాతం దగ్గరే. పట్టికలో లేని గాయాలు ఎన్నో ఉన్నాయి. మణికట్టు విరిగి వంకరగా అతుక్కోవడం, అరచేతి నరం నొక్కుకుపోయి వేళ్ళు మొద్దుబారడం, స్నాయువు తెగి పిడికిలి బిగియకపోవడం అటువంటివే. వీటికి సంపాదనశక్తి ఎంత తగ్గిందో వైద్యుడు అంచనా వేయాలి. ఎక్స్‌రే ఎముకనే చూపుతుంది. స్పానర్ తిప్పలేని చేతిని చూపదు. అందుకే దరఖాస్తుల భవిష్యత్తు చాలావరకు ఆ వైద్య ధ్రువపత్రంలోని ఒక అంకెపై నిలుస్తుంది.

ఈ విషయంలో దారి చూపిన తీర్పు ఒడిశా నుంచి వచ్చింది. 1968 జూలై 6న ఒక వడ్రంగి సినిమా హాలులో పనిచేస్తూ పడిపోయాడు. అతని ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం ఇది పాక్షిక వైకల్యమేనని యజమాని వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనుక ఇది పూర్తి వైకల్యమేనని కార్మిక పరిహార కమిషనర్ తేల్చాడు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసుగా పేరుపడ్డ ఈ వ్యాజ్యంలో 1975లో సుప్రీంకోర్టు కమిషనర్‌నే సమర్థించింది. పరిహారం గాయమైన రోజు నుంచే బాకీ అవుతుందనీ చెప్పింది. ఆ తీర్పు తరువాత ఫిట్టర్లకు, వెల్డర్లకు చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది: నా చెయ్యి ఎంత మిగిలిందో కాదు, నా పని ఎంత మిగిలిందో చూడండి. రోడ్డు ప్రమాదానికి సంబంధించిన రాజ్‌కుమార్ కేసులో 2010లో అదే కోర్టు ఇదే తర్కాన్ని విడమర్చింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోతుంది, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం నిలవవచ్చు అని.

కమిషనర్ తీర్పుపై అరవై రోజుల్లో హైకోర్టుకు, అంటే ఇక్కడివారు కలకత్తాకు, వెళ్ళవచ్చు. కానీ బలమైన న్యాయప్రశ్న ఉండాలి. అప్పీలుకు వెళ్ళే యజమాని ముందు పరిహారం సొమ్ము జమ చేయాలి. వాస్తవాల విషయంలో కమిషనర్‌దే చివరి మాట అని గొల్ల రాజన్న కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. దీంతో మొదటి విచారణలో వైద్యుణ్ణి సరిగా ప్రశ్నించని కార్మికుడికి పైకోర్టులో దారి ఇరుకైపోతుంది.

2020 జనవరి నుంచి పరిహారం లెక్కలో తీసుకునే నెలజీతం గరిష్ఠం 15,000 రూపాయలు. నలభై ఏళ్ళవాడి బొటనవేలు పోతే, జీతంలో 60 శాతాన్ని వయసు గుణకం 184.17తో హెచ్చించి, అందులో 30 శాతం తీస్తే 4,97,259 రూపాయలు వస్తాయి. అసలు జీతం ఎంత ఎక్కువైనా లెక్క ఇంతే. ఆ గరిష్ఠం నేటి రైల్వే జీతాలకు ఏమాత్రం సరిపోదు.

రైల్వేలో ఇంకో రక్షణ ఉంది. వైద్యులు పాత పనికి పనికిరాడన్న ఉద్యోగికి వేరే పని చూపాలి. 1995 వికలాంగుల చట్టంలోని 47వ సెక్షను, తరువాత 2016 చట్టం, జీతం తగ్గించి పంపేయకుండా అడ్డుకున్నాయి. సైనికులకు ఇక్కడ దారి వేరు. 2002లో కేంద్రం పోరాట దళాలను 47వ సెక్షను నుంచి మినహాయించింది. వారికి వైకల్య పింఛనే ఆధారం. దానికి సేవతో సంబంధం, సాధారణంగా కనీసం 20 శాతం వైకల్యం తేలాలి. తిరస్కరిస్తే శాఖాపరమైన అప్పీళ్ళు, ఆపై 2007 చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్. బెంగాల్‌వాసులకు దాని ధర్మాసనం కోల్‌కతాలో ఉంది. చేరేనాటికి జబ్బు నమోదు కాకపోతే అది సేవలో వచ్చినట్టే భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో వచ్చిన తీర్పు సైనికుడికి పెద్ద అండ. కారఖానా కార్మికుడి మొద్దుబారిన వేళ్ళకూ అటువంటి అనుకూల భావన దక్కాలి.

2020 సామాజిక భద్రతా స్మృతి 1923 నాటి చట్టాన్ని తనలో కలుపుకొని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. వేలికి ఇంత, బొటనవేలికి ఇంత అనే శాతాల పద్ధతి అందులోనూ కొనసాగుతోంది.