పోర్షే 911 కారెరా ఆర్.ఎస్. 2.7 పునరుద్ధరణ

పోర్షే 911 కారెరా ఆర్.ఎస్. 2.7 జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరానికి చెందిన పోర్షే సంస్థ 1972-73లో తయారుచేసిన స్పోర్ట్స్ కారు. మొత్తం 1,580 కార్లు మాత్రమే తయారయ్యాయి. యాభై ఏళ్ళు దాటిన ఈ కార్లను పూర్తిగా విడదీసి, పాడైన భాగాలను బాగుచేసి, కర్మాగారం నుండి వెలువడిన నాటి స్థితికి వీలైనంత దగ్గరగా తీసుకురావడాన్ని పునరుద్ధరణ అంటారు. ఐరోపాలో ఈ పని ఎక్కువగా శీతాకాలంలో, కారు రోడ్డుమీదికి రాని నెలలలో సాగుతుంది. పాత లోహాన్ని ఎంతవరకు నిలుపుకోవాలి, ఎంత మార్చితే అది వేరే కారు అవుతుంది అన్నది ఈ పనిలో అడుగడుగునా ఎదురయ్యే సమస్య. కారు విలువ, పేరు రెండూ దానిమీదే ఆధారపడి ఉంటాయి.

నేపథ్యం

ఆర్.ఎస్. అనేది రెన్‌స్పోర్ట్ అనే జర్మన్ మాటకు సంక్షిప్త రూపం. మోటారు పందేలు అని దాని భావం. అప్పటి పందేల నిబంధనల ప్రకారం ఒక రకం కారును పోటీలకు అనుమతించాలంటే, రోడ్డుమీద నడపడానికి వీలైన అదే రకం కార్లు కనీసం 500 తయారుచేయాలి. ఈ అవసరం కోసమే పోర్షే ఈ కారును రూపొందించి, 1972 అక్టోబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో ఆవిష్కరించింది. ఇంత ఖరీదైన, ఇంత కరకు కారును 500 మంది కొంటారా అన్న అనుమానం సంస్థలోనే ఉండేది. నవంబరు నెలాఖరుకే ఆ 500 కార్లూ అమ్ముడుపోయాయి. తరువాత గిరాకీని బట్టి ఉత్పత్తిని పెంచారు.

ప్రారంభ ధర 34,000 జర్మన్ మార్కులు. 700 మార్కులు అదనంగా చెల్లిస్తే ఎం471 అనే తేలికపాటి స్పోర్ట్ రకం, 2,500 మార్కులు చెల్లిస్తే ఎం472 అనే సౌకర్యవంతమైన టూరింగ్ రకం లభించేవి. టూరింగ్ కార్లు 1,308, స్పోర్ట్ కార్లు 200 తయారయ్యాయి. మిగిలినవాటిలో 55 పందేల కోసం చేసిన 2.8 లీటర్ల ఆర్.ఎస్.ఆర్. కార్లు, 17 నిబంధనల ధ్రువీకరణ కోసం చేసిన మూల రకం కార్లు. స్పోర్ట్ రకం బరువు 960 కిలోలు, టూరింగ్ రకం బరువు 1,075 కిలోలు. 2,687 ఘన సెంటీమీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను 210 హార్స్‌పవర్ ఇస్తుంది. స్పోర్ట్ రకం 5.8 సెకన్లలో గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. వెనుక ఇంజను మూత మీద బాతు తోకలా పైకి లేచిన ఫైబర్‌గ్లాస్ రెక్క దీని ప్రత్యేక గుర్తు. వేగంగా పోయేటప్పుడు కారు వెనుక భాగం పైకి తేలకుండా అది అణచి ఉంచుతుంది. 1973లో ఆర్.ఎస్.ఆర్. కార్లు అమెరికాలోని డేటోనా 24 గంటల పందెంలోను, ఇటలీలోని టార్గా ఫ్లోరియో పందెంలోను విజయం సాధించాయి.

ఈ విజయాలే తరువాత చాలా కార్లకు చేటు తెచ్చాయి. తమ ఆర్.ఎస్. కార్లను పందేలలో దించి గుద్దుకున్నవారు కొందరు, కొత్త మోడళ్ళలా కనబడాలని మడ్‌గార్డులు, బంపర్లు మార్చినవారు మరికొందరు. అప్పట్లో అది పాత కారే గాని అపురూపమైన వస్తువు కాదు. ఈనాడు పునరుద్ధరణకు వచ్చే కార్లలో తయారైన నాటి భాగాలన్నీ యథాతథంగా ఉన్నవి తక్కువ.

శీతాకాలంలో పని

జర్మనీలో మంచు కురిసే నెలలలో రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు ఇనుప రేకును త్వరగా తినేస్తుంది. అందువల్ల విలువైన పాత కార్లను శరదృతువు ముగిసేసరికి గ్యారేజీలో పెట్టేయడం అక్కడ ఆచారమైంది. 1997లో జర్మనీ ప్రభుత్వం కాలానుగుణ నంబరు ప్లేట్లను ప్రవేశపెట్టడంతో ఈ ఆచారానికి చట్టపరమైన రూపం కూడా వచ్చింది. ఇటువంటి ప్లేటు కుడి చివర రెండు అంకెలుంటాయి. 04, 10 అని ఉంటే ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు మాత్రమే కారును నడపవచ్చు, పన్నూ బీమా కూడా ఆ నెలలకే. ముప్పై ఏళ్ళు దాటి, అసలు రూపాన్ని నిలుపుకున్న కార్లకు ప్రత్యేక ప్లేటు ఇవ్వడం కూడా 1997లోనే మొదలైంది. 2002-03 నుండి ఆర్.ఎస్. కార్లకు ఈ అర్హత కలిగింది. ఈ ప్లేటు చివర హెచ్ అక్షరం ఉంటుంది.

నవంబరు నుండి మార్చి వరకు దొరికే అయిదు నెలలలో ఏం చేయవచ్చు అన్నది ముందే తేల్చుకోవాలి. ఇంజను, గేర్‌బాక్సు దించి ఓవర్‌హాల్ చేయడం, బ్రేకులు, సస్పెన్షన్ బాగుచేయడం ఒక శీతాకాలంలో ముగుస్తాయి. బాడీని రేకు బయటపడేదాకా గీకి, తుప్పు కోసి, మళ్ళీ రంగు వేయాలంటే మాత్రం ఒక శీతాకాలం చాలదు. తెలిసినవారు దాన్ని రెండు మూడు శీతాకాలాలకు విడగొట్టుకుంటారు, లేదా ఒక వేసవిని వదులుకుంటారు. ఏప్రిల్ దగ్గర పడుతోందని తొందరపడి తడి ఆరని ప్రైమరు మీద రంగు కొట్టిన బాడీలు రెండేళ్ళలో పొక్కులు తేలుతాయి.

గుర్తింపు సంఖ్యలు

పనిముట్టు పట్టుకునే ముందు సంఖ్యలు చూడాలి. ఆర్.ఎస్. కారు ఛాసిస్ సంఖ్య 911360 అనే అంకెలతో మొదలవుతుంది. దీనిని ముందు డిక్కీ లోపల రేకుమీద అచ్చుకొట్టి ఉంచారు. డాష్‌బోర్డు కింద కర్మాగారం వాడుకున్న ఉత్పత్తి సంఖ్య ఒకటి విడిగా ఉంటుంది. ఇంజను సంఖ్య క్రాంక్‌కేసు మీద ఉంటుంది, ఇంజను రకం 911/83. గేర్‌బాక్సు రకం 915/08. ఇవన్నీ పోర్షే సంస్థ దగ్గరున్న నాటి రికార్డులతో సరిపోలితే ఆ కారు విలువ వేరు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, అదే కాలపు మామూలు 911 టి, 911 ఇ కార్ల బాడీలకు వెనుక వెడల్పు మడ్‌గార్డులు, బాతు తోక అతికించి ఆర్.ఎస్.గా తయారుచేయడం కష్టమేమీ కాదు. అసలు కార్లకంటే ఇటువంటి అనుకరణ కార్లే ఎక్కువగా కనిపిస్తాయి. అనుకరణ అని చెప్పి అమ్మితే అది సరదా కారు, చెప్పకుండా అమ్మితే మోసం. 2010ల దశకంలో స్పోర్ట్ రకం కార్లు కొన్ని వేలంలో పది లక్షల డాలర్లు దాటాక ఈ పరీక్ష మరింత ముఖ్యమైంది. అందుకే సంఖ్య ఉన్న రేకు ఎంత తుప్పు పట్టినా దానిని కోసి పారవేయరు. చుట్టూ ఉన్న భాగాన్ని మార్చి ఆ ముక్కను నిలబెడతారు.

బాడీ, తుప్పు

911కు విడిగా ఛాసిస్ ఉండదు. అచ్చులలో వంచిన రేకు భాగాలను కలిపి వెల్డింగు చేసిన బాడీయే ఛాసిస్ పని చేస్తుంది. కనుక తుప్పు పట్టిందంటే అందం పోవడంతో ఆగదు, కారు బలమే తగ్గుతుంది. పోర్షే 911 బాడీలకు పూర్తిగా జింకు పూత వేయడం 1975లో మొదలుపెట్టింది. ఆర్.ఎస్.లకు ఆ రక్షణ లేదు. పైగా బరువు తగ్గించడానికి బాడీలో కొన్నిచోట్ల మామూలు 911 కంటే పలుచని రేకు వాడారు.

తుప్పు మొదట చేరే చోట్లు తెలిసినవే. ముందు డిక్కీ నేల, బ్యాటరీ కింది భాగం, ముందు సస్పెన్షన్ బిగించే పళ్ళెం, హెడ్‌లైటు చుట్టూ ఉన్న వలయం, అద్దం అడుగు అంచు, వెనుక టార్షన్ బార్ గొట్టం చుట్టుపక్కల. అన్నిటికంటే మోసకరమైనది తలుపుల కింద నిడివిగా ఉండే పెట్టె భాగం. ఈ కారు ఇంజను గాలితో చల్లబడుతుంది. కారు లోపలికి వెచ్చని గాలి ఈ పెట్టె భాగం గుండానే వస్తుంది. చలికాలంలో బయటినుండి ఉప్పునీరు, లోపలినుండి చెమ్మగాలి రెండూ కలిసి దానిని తింటాయి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల రేకు వేలితో నొక్కితే దిగబడుతుంది.

ఈ భాగాన్ని కోసేముందు తలుపు సందులలో ఇనుప కడ్డీలు అడ్డంగా వెల్డింగు చేసి బిగిస్తారు. బాడీని కొలతల చట్రం మీద కూర్చోబెట్టి సస్పెన్షన్ బిందువుల మధ్య దూరాలు చూస్తారు. ఇది చేయకుండా రెండు వైపులా ఒకేసారి కోస్తే బాడీ మధ్యలో కుంగి, తరువాత తలుపులు మూయడం కూడా కుదరదు. పాత రంగు తీయడంలోనూ జాగ్రత్త కావాలి. బలమైన ఒత్తిడితో ఇసుక కొడితే పలుచని రేకు వేడెక్కి ఉబ్బుతుంది. ఆమ్లపు తొట్టిలో ముంచితే రంగు శుభ్రంగా పోతుంది గాని, మడతలలో చిక్కుకున్న ఆమ్లం నెలల తరువాత కారి కొత్త రంగును పాడుచేస్తుంది. చేతితో గీకడం అన్నిటికంటే నిదానమైన పద్ధతి. సంఖ్యలున్న చోట మరో మార్గం లేదు.

ఇంజను

వెనుక ఉన్న ఇంజనును గేర్‌బాక్సుతో సహా కిందికి దించుతారు. అనుభవమున్న ఇద్దరు మెకానిక్‌లకు ఇది ఒక పూట పని. అసలు పని దానిని విప్పాక మొదలవుతుంది.

క్రాంక్‌కేసు మెగ్నీషియం మిశ్రమంతో పోతపోసినది. బరువు తక్కువ. అయితే ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారడం వలన అది వంగి, క్రాంక్‌షాఫ్టు బేరింగుల రంధ్రాలు ఒకే వరుస తప్పుతాయి. సిలిండర్లను బిగించే పొడవాటి బోల్టులు మెత్తని లోహంనుండి మరలతో సహా ఊడి వస్తాయి. రంధ్రాలను మళ్ళీ ఒకే వరుసలో తొలిచి, మరలున్న చోట ఉక్కు తొడుగులు వేస్తే చాలావరకు బాగవుతుంది. పగులు వస్తే సమస్య పెద్దది. వేరే కేసు బిగిస్తే ఇంజను బాగా నడుస్తుంది, కాని ఇంజను సంఖ్య పాత కేసుతోపాటే పోతుంది. యజమాని నిద్రపోని రాత్రులు ఎక్కువగా ఇక్కడే. మెగ్నీషియం వెల్డింగు తెలిసినవారి దగ్గరకు కేసును పంపి, నెలలు వేచి ఉండటానికే చాలామంది మొగ్గుచూపుతారు. సిలిండర్ల లోపలి గోడకు నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన నికాసిల్ పూత ఉంటుంది. పలుచని ఈ పూత వల్లనే సిలిండరు వ్యాసాన్ని 84 నుండి 90 మిల్లీమీటర్లకు పెంచగలిగారు. అరిగిన సిలిండర్లకు ఈ పూతను తిరిగి వేయించవచ్చు.

అందరూ భయపడే భాగం పెట్రోలు పంపు. ఇందులో కార్బురేటరు లేదు. బాష్ తయారుచేసిన యాంత్రిక పంపులో ఆరు సిలిండర్లకు ఆరు చిన్న పిస్టన్లు రెండు వరుసలలో ఉంటాయి. ఎడమ క్యామ్‌షాఫ్టు నుండి పళ్ళబెల్టు దీనిని తిప్పుతుంది. ఏ వేగంలో, యాక్సిలరేటరు ఎంత నొక్కినప్పుడు, ఎంత పెట్రోలు పోవాలో పంపులోని ఎగుడుదిగుడు క్యామ్ ఒకటి నిర్ణయిస్తుంది. అంటే ఇంజను లెక్కలన్నీ ఒక లోహపు ముక్క మీద చెక్కి ఉన్నాయన్నమాట. 2.4 లీటర్ల 911 ఎస్. పంపు బయటికి ఇలాగే కనిపిస్తుంది, లోపలి క్యామ్ వేరు. దానిని బిగిస్తే పెట్రోలు లెక్క తప్పుతుంది.

కారు చాలాకాలం కదలకుండా ఉంటే పెట్రోలు జిగురుగా మారి పంపులోని పిస్టన్లు పట్టేస్తాయి. పంపును ఇంట్లో విప్పరు, పరీక్ష బల్ల ఉన్న నిపుణుల దగ్గరికి పంపుతారు. అది తిరిగి వచ్చాక సర్దుబాటులో క్రమం తప్పకూడదు. మొదట సిలిండర్ల కంప్రెషన్, వాల్వులు, ఇగ్నిషన్ చూడాలి. తరువాత కడ్డీల పొడవులు, థ్రాటిల్ కోణాలు సరిచేయాలి. పెట్రోలు పాళ్ళు ముట్టుకోవడం అన్నిటికంటే చివర. ముందే పంపు మరను తిప్పినవారు తప్పు ఎక్కడుందో ఇక కనుక్కోలేరు.

రంగు, లోపలి భాగాలు

తెల్లని కారు పక్కల ఎరుపు, నీలం లేదా ఆకుపచ్చ రంగులో కారెరా అన్న అక్షరాలు, అదే రంగు చక్రాలు ఎక్కువమందికి తెలిసిన రూపం. ఇతర రంగుల కార్లు కూడా ఉన్నాయి. స్పోర్ట్ రకంలో వెనుక సీట్లు, గడియారం ఉండవు, అద్దాలు పలుచనివి, తలుపు లాగడానికి తోలు పట్టీ మాత్రం ఉంటుంది. బానెట్ మీద లోహపు చిహ్నానికి బదులు స్టిక్కరే అంటించి పంపారు. దాని స్థానంలో మెరిసే లోహపు చిహ్నం బిగించినవారు కారును అసలు రూపానికి దూరం చేసినట్టే.

అసలుదనంపై భేదాభిప్రాయాలు

చారిత్రక వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫీవా 2012లో ట్యూరిన్ ఒడంబడికను ఆమోదించింది. పాత కట్టడాల పరిరక్షణకు 1964లో రూపొందిన వెనిస్ ఒడంబడిక దీనికి ఆదర్శం. కారు చరిత్రను చెప్పే పాత పదార్థాన్ని వీలైనంత నిలుపుకోవాలని, చేసిన మార్పులను రాసి ఉంచాలని ఇది సూచిస్తుంది. దీని ప్రభావంతో నాటి రంగు ఇంకా మిగిలిన కార్లను గీకకుండా అలాగే ఉంచేవారు పెరిగారు. ఒకసారి తీసిన కర్మాగారపు రంగును మళ్ళీ ఎవరూ వేయలేరన్నది వారి వాదన. దానిలో బలం ఉంది. నడపడానికే తయారైన కారును గాజు పెట్టెలో పెట్టడం కూడా దాని స్వభావానికి విరుద్ధమేనని రెండో పక్షం అంటుంది.

క్యామ్ గొలుసు బిగువు సాధనం దీనికి మంచి ఉదాహరణ. ఆర్.ఎస్.లోని పాత రకం సాధనం ఉన్నట్టుండి వదులై, గొలుసు జారి వాల్వులు పిస్టన్లకు తగిలే ప్రమాదం ఉంది. 1984 మోడల్ 911లో ఆయిలు ఒత్తిడితో పనిచేసే మెరుగైన సాధనం వచ్చింది. అది పాత ఇంజనుకూ అమరుతుంది. బయటికి ఆయిలు గొట్టం కనిపిస్తుందని కొందరు దానిని ఒప్పుకోరు. అయితే కారును నడిపేవారికి ఈ మార్పు సమంజసమైనదే. పాత భాగాన్ని భద్రపరిస్తే ఎప్పుడైనా తిరిగి బిగించవచ్చు. కోసిన రేకుకు ఆ అవకాశం లేదు.

రోడ్డుమీదికి

బిగింపు పూర్తయ్యాక ఇంజనును వెంటనే రెడ్‌లైను దాకా పరుగెత్తించరు. కొత్త బేరింగులు, పిస్టన్ రింగులు ఒదిగేవరకు కొన్ని వందల కిలోమీటర్లు నిదానంగా నడిపి, ఆయిలు మార్చి, ఇంజను పూర్తిగా చల్లారాక వాల్వుల సందును 0.1 మిల్లీమీటరుకు మళ్ళీ సరిచేస్తారు. విప్పిన ప్రతి దశలోను తీసిన ఫొటోలు, మార్చిన భాగాల జాబితా, బిల్లులు ఒక ఫైలులో కారుతోపాటే ఉంటాయి. కారు చేతులు మారినప్పుడు కొనేవారు ఇంజను శబ్దం వినకముందు అడిగేది ఆ ఫైలునే.