ఆ ఒడ్డు ఎవరిది? (నీళ్లూ కులమూ – 9)



గత భాగంలో మహద్ చెరువు గురించి రాశాక, కెనడాలో చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ కొందరు మెసేజ్ పెట్టారు. "అన్నా, ఇక్కడ ఎండాకాలం వచ్చింది. సిటీకి దగ్గర్లో ఈతకు మంచి బీచ్‌లు వెతుక్కుంటున్నాం. వీటికి కూడా మహద్ లాంటి చరిత్ర ఏమైనా ఉందా?" అని.

మంచి బీచ్‌లు ఏవో చెప్పడం సులువు. వాంకూవర్‌లో ఇంగ్లిష్ బే, కిట్సిలానో, జెరికో ఉన్నాయి. టొరంటోలో ఒంటారియో సరస్సు ఒడ్డున వుడ్‌బైన్, చెర్రీ బీచ్ ఉన్నాయి. ఫెర్రీ ఎక్కితే వార్డ్స్ ఐలాండ్‌కు పోవచ్చు. టొరంటో నగరం ఎండాకాలమంతా నీళ్లను పరీక్ష చేయిస్తుంది. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై బ్యాక్టీరియా 100 దాటితే ఈత వద్దని ప్రకటిస్తుంది. పెద్ద వాన పడితే మురుగు కలుస్తుంది కాబట్టి రెండు రోజులు ఆగండి. లైఫ్‌గార్డ్ ఉన్నచోటే దిగండి.

ఇక చరిత్ర సంగతి. నేను కెనడా చూడలేదు. కానీ నీళ్ల దగ్గర మనిషిని మనిషి ఎలా ఆపాడో ఏళ్లుగా చదువుతున్నాను. కెనడా ఒడ్డుల మీద కూడా ఆ కథ ఉంది.

ఇంగ్లిష్ బేతో మొదలుపెడదాం. ఆ ఒడ్డున వాంకూవర్ నగరం నియమించిన మొట్టమొదటి లైఫ్‌గార్డ్ ఒక నల్లవాడు. పేరు జో ఫోర్టెస్. కరీబియన్ దీవుల నుంచి ఇంగ్లండ్ మీదుగా 1885లో ఓడలో వచ్చాడు. హోటళ్లలో, బార్లలో పనిచేస్తూ, తీరిక దొరికితే బీచ్‌కు వచ్చి పిల్లలకు ఉచితంగా ఈత నేర్పేవాడు. ఒడ్డునే చిన్న ఇల్లు వేసుకుని ఉన్నాడు. 1900 ప్రాంతంలో నగరం ఆయన్ని జీతం మీద పెట్టుకుంది. లెక్కల్లోకి ఎక్కినంత వరకే కనీసం 29 మంది ప్రాణాలు కాపాడాడు. 1922లో చనిపోతే, అంత పెద్ద అంత్యక్రియలు ఆ ఊరు అప్పటిదాకా చూడలేదని చెబుతారు.

1927లో ఆయన పేరు మీద బీచ్ ఎదురుగా ఉన్న అలెగ్జాండ్రా పార్కులో ఒక స్మారకం కట్టారు. అది తాగునీటి ఫౌంటెన్! చిన్నపిల్లలకు అందేంత ఎత్తులో కట్టారు.

1927 అనగానే మీకేం గుర్తొస్తుంది? ఆ ఏడాది మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో కలిసి మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగారు. దానికి మనవాళ్ల తలలు పగలగొట్టారు. తర్వాత 108 కుండల్లో పేడా మూత్రమూ పాలూ పెరుగూ పోసి చెరువును "శుద్ధి" చేశారు. ఒక దేశంలో నల్లవాడి పేరు మీద తెల్లపిల్లలు నీళ్లు తాగుతుంటే, మన దేశంలో మనం ముట్టిన నీళ్లు మైలపడ్డాయి.

అయితే కెనడా మనకంటే మంచిదని ఇక్కడే తేల్చేయకండి. తర్వాత ఏం జరిగిందో చూడండి.

ఆ ఫౌంటెన్ కట్టిన కొద్ది కాలానికే, అదే ఇంగ్లిష్ బే ఒడ్డున, క్రిస్టల్ పూల్ అనే ఉప్పునీటి ఈతకొలను తెరిచారు. అందులో తెల్లవాళ్లు వారమంతా ఈదొచ్చు. నల్లవాళ్లకూ ఆసియావాళ్లకూ వారంలో ఒకే ఒక్క రోజు. ఈ పద్ధతి 1945 దాకా నడిచింది. అంటే ఆ ఊరి పిల్లలకు ఈత నేర్పిన జో ఫోర్టెస్ బతికి ఉంటే, ఆయన కూడా తన "రోజు" కోసం ఎదురుచూడాల్సిందే.

ఇది మనకు కొత్త సంగతా? "మా ఊళ్లో ఫలానా మాలాయన ఎంత మంచివాడో! మా ఇంట్లో మనిషిలాగే ఉండేవాడు" అని పెద్దకులాల వాళ్లు మురిసిపోతూ చెబుతుంటారు. ఆయన పిల్లలు ఆ ఇంటి గడప దాటారా అని అడగండి. ఒక్క మనిషిని ప్రేమించడం సమాజానికి కష్టమేమీ కాదు. ఆ మనిషి జనం మొత్తానికి హక్కు ఇవ్వడమే కష్టం. విగ్రహాలు చూసి మోసపోవద్దని నేను పదే పదే అనేది ఇందుకే. విగ్రహం పక్కన ఏ నియమం నడుస్తుందో చూడాలి.

ఇప్పుడు కిట్సిలానోకు వద్దాం. ఆ పేరే అక్కడి స్క్వామిష్ ఆదివాసుల పెద్దది. బీచ్ పక్కన, ఇప్పుడు వేనియర్ పార్కు ఉన్నచోట, సెనాక్ అనే వాళ్ల ఊరు ఉండేది. సుమారు 80 ఎకరాలు వాళ్ల రిజర్వు భూమి. 1913లో రాష్ట్ర ప్రభుత్వం కొంత డబ్బు చేతిలో పెట్టి, కుటుంబాలను బల్లకట్టు మీదికి ఎక్కించి పంపేసింది. వెనకాల వాళ్ల ఇళ్లు తగలబడ్డాయి. ఊరు పోయింది, పేరు మాత్రం మిగిలింది. స్క్వామిష్ జనం ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడితే 2000 తర్వాత తిరిగి వచ్చింది పదిన్నర ఎకరాలు. పోలవరం ముంపు మండలాల మిత్రులకు నేను ఇంకేం వివరించాలి?

టొరంటో వైపు చూస్తే, తూర్పున బామీ బీచ్ ఉంది. 1933లో హిట్లర్ గద్దెనెక్కిన ఆరు నెలలకే అక్కడి తెల్ల కుర్రాళ్లు కొందరు "స్వస్తిక క్లబ్" పెట్టారు. ఊరి మధ్య ఇరుకు పేటల్లో ఉండే యూదు కార్మిక కుటుంబాలు వేడికి తట్టుకోలేక సరస్సు ఒడ్డుకు వచ్చేవి. వాళ్లను రానివ్వకూడదని ఈ కుర్రాళ్లు నాజీ గుర్తులు తగిలించుకుని ఒడ్డున గస్తీ తిరిగారు. "బీచ్ శుభ్రంగా ఉండాలి" అన్నది వాళ్లు చెప్పుకున్న కారణం. శుభ్రత! ఈ మాట మనం ఎన్నిసార్లు విన్నాం? ఆ ఆగస్టు 16న ఒక పార్కులో బేస్‌బాల్ ఆట దగ్గర వేలమంది మధ్య గంటల తరబడి కొట్లాట జరిగింది. ఇటాలియన్ కుర్రాళ్లు యూదుల పక్షాన నిలబడ్డారు. క్రిస్టీ పిట్స్ అల్లర్లు అంటే అవే. అణగారినవాళ్లు ఒకరికొకరు తోడొస్తే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది.

హాలిఫాక్స్‌లో సముద్రపు ఒడ్డునే ఆఫ్రిక్‌విల్ అనే నల్లవాళ్ల ఊరు ఉండేది. నగరానికి పన్నులు కట్టారు. నగరం వాళ్లకు కుళాయి వేయలేదు, మురుగు కాలువ వేయలేదు. చెత్తకుప్పను మాత్రం తెచ్చి ఊరి పక్కన పెట్టింది. బావి నీళ్లు కాచి తాగమని బోర్డు పెట్టింది. చివరికి "మురికివాడ" అని పేరుపెట్టి 1960ల్లో ఊరినే కూల్చింది. కొందరి సామాన్లను చెత్త లారీల్లో తరలించారు. 1967లో వాళ్ల చర్చిని రాత్రిపూట పడగొట్టారు. నగరం క్షమాపణ చెప్పింది 2010లో. నీళ్లు ఇవ్వకుండా ఉండి, తర్వాత మురికివాళ్లని పేరు పెట్టడం... ఈ వరస మన వాడల్లో ఎవరికి తెలియదు?

ఇదంతా రాస్తుంటే నా ఊరి చెరువు కళ్లముందుకు వస్తుంది. పై రేవు వాళ్లది, కింది రేవు మాది. వాళ్ల గేదెలు పై రేవులో దిగేవి, మా పిల్లలు దిగకూడదు. మా తాతలు తవ్విన బావుల్లో మా నాన్నల తరానికి ఈత రాలేదు. "వీళ్లకు నీళ్లంటే భయం" అనేవాళ్లు. అమెరికాలో నల్లవాళ్ల గురించీ ఇదే అన్నారు. కాబట్టి ఈత రాని తమ్ముళ్లూ చెల్లెళ్లూ సిగ్గుపడొద్దు. ఈత రక్తంలో ఉండదు, రేవులో ఉంటుంది. రేవు మూసినవాడు ఈత రాలేదని ఎగతాళి చేస్తాడు. అక్కడ నగరం నడిపే ఈత క్లాసులుంటాయి, చేరండి. నేర్చుకోకుండా మాత్రం లోతుకు పోవద్దు. మీ ప్రాణం మాకు కావాలి.

మరొక్క మాట. 1985 జూలైలో కారంచేడులో మాదిగవాడ తాగే నీళ్ల దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే వద్దన్నందుకు మొదలైన గొడవ ఆరుగురు మాదిగల్ని బలి తీసుకుంది. అడ్డుపడ్డ మున్నంగి సువార్త పేరు మనం మరిచిపోకూడదు. ఆ కులం ఊళ్లోనే ఆగిపోయిందనుకుంటున్నారా? అది వీసా అడక్కుండానే విమానం ఎక్కింది. 2023లో టొరంటో స్కూల్ బోర్డు తమ బడుల్లో కులవివక్ష ఉందని గుర్తిస్తూ తీర్మానం చేసింది. అదే ఏడాది ఒంటారియో మానవ హక్కుల కమిషన్ కులవివక్షను తమ చట్టం కింద ప్రశ్నించవచ్చని చెప్పింది. బీచ్ పిక్నిక్‌లో "మీ ఇంటిపేరేంటి, మీదే ఊరు, ఏ వీధి" అని మనవాళ్లే అడిగితే, ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు. జవాబు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. తలవంచుకోవాల్సిన అవసరం మాత్రం లేదు.

మంచి బీచ్ అంటే నీళ్లు తేటగా ఉన్నది మాత్రమే కాదు. ఏ ఒడ్డుకు పోయినా మూడు ప్రశ్నలు అడగండి. ఈ నేల ఎవరిది? ఇక్కడికి ఎవర్ని రానివ్వలేదు? ఎవరు కొట్లాడితే ఇది అందరిదీ అయింది? అవి అడిగాక హాయిగా దిగండి, తనివితీరా ఈదండి. ఆ హక్కు కోసమే మహద్‌లో మనవాళ్లు దెబ్బలు తిన్నారు.

వచ్చే భాగంలో మహద్ చెరువు కేసు పదేళ్లు కోర్టుల్లో ఎలా నడిచిందో, 1937లో బొంబాయి హైకోర్టు ఏం చెప్పిందో రాస్తాను.

జై భీమ్.