పురిటిబిడ్డల ధనుర్వాతము – పల్లె తల్లుల తెలివి

నూరేండ్ల చరిత్ర వ్రాయునప్పుడు కట్టిన ఆలయములను, నడిపిన పాఠశాలలను లెక్కించుట మనకు అలవాటు. పేరు పెట్టకమునుపే గతించిన పసిబిడ్డలకు మాత్రము చరిత్రలో తరచుగా చోటు దొరకదు. ఆ మరణములు తగ్గిన విధమును, అందులో మన పల్లె తల్లుల పాత్రను ఇచ్చట క్లుప్తముగా జ్ఞాపకము చేసికొందము.

యెహెజ్కేలు గ్రంథము 16వ అధ్యాయములో అప్పుడే పుట్టిన శిశువునకు చేయవలసిన పనుల ప్రస్తావన కలదు. నాభిసూత్రము కోయుట, నీళ్లతో కడుగుట, బట్ట చుట్టుట వాటిలోనివి. తొలి సంరక్షణ ఎంత అవసరమో పూర్వులు ఎరుగుదురు. అయితే బొడ్డు కోసిన గాయమే వ్యాధికి ద్వారము కాగలదని వారికి తెలియదు.

మన పల్లెలలో కాన్పులు ఎక్కువగా ఇంటియొద్దనే, మంత్రసాని చేతిమీదుగా జరిగెడివి. బొడ్డును కొడవలితోనో, పాత బ్లేడుతోనో కోసి, బూడిదనో, పేడనో అద్దుట అనేక చోట్ల ఆచారముగా నుండెను. రెండు మూడు దినములు చక్కగా పాలు త్రాగిన బిడ్డ, వారము తిరుగునప్పటికి దవడలు బిగిసి, చన్ను పట్టలేక, విల్లువలె వంగిపోయెడిది. దిష్టి తగిలెననియు, గాలి సోకెననియు పెద్దలు అనెడివారు. తల్లి తన రాతను నిందించుకొని ఏడ్చెడిది.

ఈ వ్యాధి కారణము మట్టిలోనే యున్నదని 1884లో జర్మనీ దేశపు నికోలాయర్ చూపెను. 1889లో జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో ఆ క్రిమిని వేరుపరచెను. మన ప్రాంతములో 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ దొరసానిగారు 1898లో అచ్చట స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి నెలకొల్పిరి. అట్టి ఆసుపత్రులు ఎందరినో కాపాడినవి. కాని ఆసుపత్రి గుమ్మము త్రొక్కని తల్లులే అధికులు. కావున తెలివియే పల్లెకు నడిచి రావలసి యుండెను.

అది నెమ్మదిగా వచ్చెను. 1978లో మన దేశమున విస్తృత టీకాల కార్యక్రమము ఆరంభమై, 1985 నుండి మరింత వ్యాపించెను. గర్భిణికి వేసిన ధనుర్వాతపు టీకా బలము కడుపులోని బిడ్డకును అందును. దానితోపాటు మంత్రసానులకు, తల్లులకు అయిదు శుభ్రతలు నేర్పబడెను: శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, క్రొత్త బ్లేడు, శుభ్రమైన దారము, బొడ్డుపై ఏమియు పూయకుండుట. అక్షరములు రాని తల్లియు వ్రేళ్లపై లెక్కించుకొనదగిన పాఠమిది.

1988లో ప్రపంచమంతట సుమారు 7,87,000 మంది పురిటిబిడ్డలు ఈ వ్యాధికి బలియైరని అంచనా. అట్టి మహమ్మారి అదుపులోనికి వచ్చినదని 2003లో, దేశములోని రాష్ట్రములన్నిటికంటె ముందుగా, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిర్ధారణ జరిగెను. 2015లో భారతదేశమంతటికి ఆ నిర్ధారణ లభించెను.

ఇతర క్రిమిదోషముల విషయములోను పల్లె స్త్రీల తెలివియే అక్కరకు వచ్చినది. తెలంగాణ సరిహద్దున, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 39 గ్రామములలో స్థానిక స్త్రీలకు తర్ఫీదునిచ్చి, ఇంటియొద్దనే పసిబిడ్డలను కనిపెట్టి చూచు ఏర్పాటు చేసిరి. అచ్చటి నవజాత శిశుమరణములు 62 శాతము తగ్గినట్లు 1999లో ప్రకటింపబడెను.

ఇప్పుడు కాన్పులు ఎక్కువగా ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. ఇక తల్లులకు ఈ తెలివి ఏల అని కొందరు అడుగుదురు. బిడ్డ కొద్ది దినములకే ఇంటికి వచ్చును. బొడ్డు ఊడునది తరచుగా ఇంటిలోనే. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టుట, బిడ్డను ఎత్తుకొనకముందు సబ్బుతో చేతులు కడుగుకొనుట, బొడ్డును పొడిగా నుంచుట తల్లి చేతిలోని పనులు. బిడ్డ చన్ను పట్టకున్నను, ఒళ్లు చల్లబడినను, కాలినను, నిమిషమునకు 60 లేక అంతకు మించి ఊపిరి తీసినను, బొడ్డునుండి చీము కారినను, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మశూచి భూమిమీదనుండి తొలగిపోయినది. ధనుర్వాతపు క్రిమి అట్లు తొలగదు. అది మన పొలములలో, పెరళ్లలో నేటికిని ఉన్నది. ఒక తరము తల్లులు గెలిచినంతమాత్రమున తరువాతి తరము గెలిచినట్లు కాదు. కావున మన సంఘములలోని అమ్మమ్మలారా, నాయనమ్మలారా, మీ కోడండ్రకు, కుమార్తెలకు ఈ అయిదు శుభ్రతలు చెప్పి యుంచుడి.