డ్యాష్‌బోర్డులో ఖాలీ జాగా

పాత కార్లో రేడియో పెట్టే గూడు కొలిచి చూడండి. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50 మిల్లీమీటర్లు ఉంటుంది. జర్మన్లు పెట్టిన కొలత ఇది, తర్వాత దునియా అంతా ఒప్పుకుంది. కార్ డెకార్స్ దుకాణాల్లో దీన్ని 'సింగిల్ డిన్' అంటారు, ఎత్తు రెట్టింపైతే 'డబుల్ డిన్'. కారు మొత్తం తన ఇష్టప్రకారం తయారుచేసిన కంపెనీ ఈ ఒక్క గూడు దగ్గర మాత్రం మాలిక్‌కి ఇజాజత్ ఇచ్చింది: ఇక్కడ నీకు కావలసింది పెట్టుకో అని. ఆ గూట్లోకి రేడియో వచ్చింది, టేపు రికార్డరు వచ్చింది, సీడీ వచ్చింది, చివరికి ఇంట్లో టంకం పెట్టి తయారుచేసుకున్న కంప్యూటర్ వచ్చింది. ఇప్పటి కొత్త కార్లు చాలావాటిలో ఆ గూడే లేదు. ఈ ఖాలీ జాగా తారీఖ్ రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. (ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడా. తెలుగులోకి వచ్చేసరికి పాపం క్యాలెండర్‌లో అంకెగా మిగిలింది.)

నన్ను ఇటు లాగింది మా భాంజా. వాళ్ల అబ్బా ఎప్పుడో కొన్న కార్బ్యురేటర్ మారుతి 800లో రాస్‌ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్, ఏడంగుళాల టచ్ తెర బిగించాడు. ఖాందాన్‌లో అందరూ 'ఈ జమానా పిల్లల దిమాగే వేరు' అని మెచ్చుకున్నారు. దిమాగ్ సంగతి నిజమే. కానీ ఈ షౌఖ్ ఈ జమానాది అనుకుంటే పొరపాటు, దానికి వందేళ్ల వయసుంది.

1922లో షికాగోలో జార్జ్ ఫ్రాస్ట్ అనే 18 ఏళ్ల కుర్రాడు ఫోర్డ్ మోడల్ టి కార్లో రేడియో బిగించాడని చెబుతారు. స్కూల్లో రేడియో క్లబ్బుకి అతను ప్రెసిడెంటు. అప్పటి రేడియోలు గాజు వాల్వులతో పనిచేసేవి, వాటికి కారు బ్యాటరీ సరిపోదు, విడిగా బరువైన బ్యాటరీలు మోయాలి. దానికితోడు స్పార్క్ ప్లగ్గు మెరిసిన ప్రతిసారీ స్పీకర్‌లో చిటపట. ఈ రెండు ముష్కిళ్లనూ గుర్తుపెట్టుకోండి. ఒకటి కరెంటు ముష్కిల్, రెండోది గోల ముష్కిల్. కారులో కొత్తగా ఏది పెట్టబోయినా ఈ రెండూ గుమ్మం దగ్గర నిలబడి సలామ్ చెబుతాయి.

1930లో అదే షికాగోలో పాల్ గాల్విన్, ఆయన తమ్ముడు జోసెఫ్ వాటికి ఇలాజ్ కనుక్కున్నారు. తయారైన రేడియోని సొంత కార్లో బిగించి, పాల్ అట్లాంటిక్ సిటీలో రేడియో వ్యాపారుల సభకు నడుపుకుంటూ వెళ్లాడు. లోపల స్టాలు లేదు కాబట్టి బయటే కారు నిలిపి, వచ్చేపోయేవాళ్లకి పాటలు వినిపించాడు. దాని ఖీమత్ వంద డాలర్ల పైమాటే, ఫోర్డ్ కారే ఐదారు వందలకు దొరికే రోజుల్లో! మోటారుకి 'ఓలా' అని తోక తగిలించి పేరు పెట్టాడు. మోటరోలా. మన చేతుల్లో తిరిగిన సెల్‌ఫోన్ల మీద ఉన్న పేరు కారు రేడియోది.

ఇక కంప్యూటర్. కారులోకి కంప్యూటర్ రెండు దారుల్లో వచ్చింది. మొదటిది కంపెనీ దారి. 1960ల చివర్లో ఫోక్స్‌వ్యాగన్ కార్లలో బాష్ వారి ఎలక్ట్రానిక్ పెట్టె పెట్రోలు ఎంత చిమ్మాలో లెక్కగట్టడం మొదలుపెట్టింది. 1977లో జనరల్ మోటార్స్ ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడోలో స్పార్క్ ఎప్పుడు పడాలో మైక్రోప్రాసెసర్ చేత చెప్పించింది. పొగ తగ్గింది, పెట్రోలు కలిసొచ్చింది, ఫాయిదా కాదనలేం. కానీ ఆ పెట్టెలకు సీలు ఉండేది. లోపల ఏముందో మాలిక్‌కి తెలియదు, మెకానిక్‌కి అంతకన్నా తెలియదు.

రెండో దారి మాలిక్ కళ్ల ముందుకొచ్చింది. 1985లో కాలిఫోర్నియాలో ఈటాక్ అనే చిన్న కంపెనీ దారి చూపే యంత్రం అమ్మింది. అందరి కార్లలో, పాతవాటిలో సైతం బిగించుకోవచ్చు. దాన్ని తయారుచేసిన స్టాన్ హనీ ఇంజనీరే కాదు, పడవ పందేల నావికుడు. అప్పటికి మామూలు జనానికి జీపీఎస్ లేదు. చక్రాలు ఎంత తిరిగాయి, దిక్సూచి ఎటు చూపిస్తోంది, ఈ రెండింటినీ కలిపి కారు ఎక్కడుందో యంత్రం అంచనా కట్టేది. నక్షా క్యాసెట్లో ఉండేది, మనం పాటలు విన్నలాంటి క్యాసెట్టే! లాస్ ఏంజెలెస్ లాంటి పెద్ద నగరానికి ఒక్క క్యాసెట్ చాలేది కాదు. ఈటాక్ అనేది పసిఫిక్ ద్వీపాల నావికుల పద్ధతి పేరు. వాళ్ల లెక్కలో పడవ కదలదు, ద్వీపాలే ఎదురొచ్చి వెనక్కి పోతాయి. తెర మీదా అంతే. కారు గుర్తు నిలిచి ఉంటుంది, నక్షా తిరుగుతుంది. ఇవాళ మీ ఫోన్ చూపించేదీ అదే. నక్షా అన్న మాట మన తెలంగాణ పల్లెల్లో పట్వారీ లెక్కల పక్కన ఎన్ని తరాలుందో మీకు తెలుసు. ఆ నక్షా తిరగడం నేర్చింది ఈ యంత్రంలో.

ఈటాక్ కొనగలిగినవాళ్లు తక్కువ. షౌఖీన్ల అసలు జమానా 1990ల చివర్లో మొదలైంది. ఎంపీ3 పాటలు, 1997లో విన్‌యాంప్, చవకైన హార్డ్ డిస్కులు వచ్చాయి. వెయ్యి పాటలు ఇంట్లో కంప్యూటర్‌లో ఉంటే కార్లో పన్నెండు పాటల క్యాసెట్ ఎందుకు తిప్పాలి? అమెరికాలో, యూరప్‌లో కుర్రాళ్లు ఇంట్లో టేబుల్ కింద ఉండే డబ్బాని పట్టుకెళ్లి డిక్కీలో పెట్టారు. ఇంగ్లండ్‌లో హ్యూగో ఫియెన్స్ అనే ఇంజనీరు కొంచెం నాజూగ్గా ఆలోచించి, సరిగ్గా ఆ 180 మిల్లీమీటర్ల గూట్లో పట్టే లినక్స్ కంప్యూటర్ తయారుచేశాడు. ఎంపెగ్ అని పేరు. 1999లో అమ్మకానికి వచ్చింది, కొన్ని వేలు మాత్రమే అమ్ముడుపోయి 2001లో ఆగిపోయింది. దొంగల భయానికి దాన్ని లాగి చేత్తో పట్టుకుపోయే పిడి ఉండేది.

ఇక్కడ కరెంటు ముష్కిల్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మొత్తం కథ దీని చుట్టూనే తిరిగింది.

గుంటూరులో మా మర్హూమ్ మామూకి ఆటో ఎలక్ట్రికల్ దుకాణం ఉండేది. ఉర్దూ మీడియం స్కూల్లో నా సైన్స్ కితాబులో కరెంటు ప్రవాహానికి 'బర్ఖీ రౌ' అని ఉండేది. (ఇలాంటి శాస్త్ర పదాలు వేలల్లో తయారుచేయడానికే ఉస్మానియా యూనివర్సిటీ కోసం 1917లో హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టారు.) దుకాణంలో ఆ మాట వాడితే షాగిర్దులు నవ్వేవాళ్లు. అక్కడ 'కరెంట్ నై ఆరా' అంతే. కారు బ్యాటరీ 12 వోల్టులని కితాబు చెబితే, మామూ 'ఎప్పుడు 12?' అని అడిగేవాడు. ఇంజను నడుస్తుంటే 14 దాకా ఉంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 9కి, బ్యాటరీ ముసలిదైతే ఇంకా కిందికి పడిపోతుంది. నడుస్తున్న ఇంజను మీద బ్యాటరీ టెర్మినల్ ఊడిందా, ఆల్టర్నేటర్ ఒక్క ఉదుటున పదుల వోల్టులు తోస్తుంది. హెడ్‌లైటు బల్బుకైతే సబర్ ఉంది, ఒకసారి మసకబారి మళ్లీ వెలుగుతుంది. కంప్యూటర్‌కి ఆ సబర్ లేదు. సెల్ఫ్ కొట్టగానే చచ్చిపోయి మళ్లీ మొదటినుంచి లేస్తుంది. చాబీ తీసేస్తే, చదువుతున్న కితాబు చేతిలోంచి లాక్కున్నట్టు డిస్కులో రాస్తున్నది సగంలో ఆగి పాడవుతుంది.

తొలి షౌఖీన్లు దీనికి ఇన్వర్టర్ పెట్టారు. బ్యాటరీ డీసీని ఏసీ చేయడం, కంప్యూటర్ దాన్ని మళ్లీ డీసీ చేసుకోవడం. నీళ్లు డాబా మీదికి మోసి, పైపులో మళ్లీ కిందికి దింపుకున్నట్టు. తర్వాత నేరుగా డీసీనుంచి డీసీకి మార్చే చిన్న పలకలు వచ్చాయి. సెల్ఫ్ కొట్టినా వోల్టేజీ నిలబెడతాయి. చాబీ తీసిన తర్వాత కంప్యూటర్‌కి 'పడుకో' అని కబురు పంపి, కాసేపు ఆగి అప్పుడు తీగ తెంచుతాయి. బ్యాటరీ మరీ దిగిపోతే తామే కట్ అవుతాయి, పొద్దున సెల్ఫ్ తిరగడానికి ఏమైనా మిగలాలి కదా. 2001 చివర్లో తైవాన్ కంపెనీ వియా ప్రకటించిన 17 సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డు, ఈ పలక, ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు కలిస్తే డిక్కీలోని డబ్బా సీటు కిందికి వచ్చేసింది. గోల ముష్కిల్ కూడా పాత రూపంలోనే పలకరించింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్‌లో సన్నని ఈల. ఇంటర్నెట్‌లో దీని మీద పేజీలకు పేజీలు రాసుకున్నారు. చివరికి చాలాసార్లు తేలింది ఒకటే: అన్ని ఎర్తులూ ఒకే చోట కట్టు. మామూకి ఇంగ్లిష్ రాదు, ఆ పేజీలు ఎప్పుడూ చూడలేదు. ఈ మాట మాత్రం షాగిర్దులకు రోజూ చెప్పేవాడు.

ఇంకో తారీఖ్, ఈసారి క్యాలెండర్ అర్థంలో. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్లో కావాలని కలుపుతున్న తప్పుని ఆపేసింది. అంతకుముందు రాత్రి వంద మీటర్ల దాకా తప్పు చూపించిన చవక రిసీవర్, తెల్లారేసరికి ఏ వీధిలో ఉన్నారో చెప్పింది. అప్పట్నుంచి ఇంటి కంప్యూటర్‌కి నక్షా కూడా వచ్చింది.

తెర మీద పాటలు, నక్షాలు సరే, ఇంజను మాటేమిటి? కార్బ్యురేటర్ బండికి కంప్యూటర్‌తో మాట్లాడే నోరు లేదు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి డ్యాష్‌బోర్డు కింద ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరి చేశారు. మన దగ్గర ఆ రూలు వచ్చేసరికి 2013. పాత బండికి నోరు మనమే పెట్టాలి. భాంజా చేసింది అదే. మారుతి 800కి మూడు సిలిండర్లు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే మూడు స్పార్కులు. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర సెకనుకి 75 స్పార్కులు. కాయిల్ దగ్గర వాటిని లెక్కపెడితే ఇంజను వేగం తెలిసిపోతుంది. ఖతరా ఏమిటంటే, అక్కడ ఎగిసేది వందల వోల్టులు, రాస్‌ప్‌బెరీ పై కాలు ఓర్చుకునేది 3.3 వోల్టులు. మధ్యలో వెలుతురుతో కబురు చేరవేసే చిన్న చిప్పు, ఆప్టోకప్లర్, పెట్టాడు. ఒకవైపు బల్బు వెలుగుతుంది, రెండోవైపు కన్ను చూస్తుంది, తీగ మాత్రం కలవదు.

అసలు గుండె ధైర్యం ఇంకొందరిది. అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో అనే ఇద్దరు 2001లో మెగాస్క్వర్ట్ అనే కిట్ బయటపెట్టారు. విడి చిప్పులు ఇంటికొస్తాయి, టంకం మీరే పెట్టుకోవాలి. అది పాత ఇంజనుకి పెట్రోలు ఎంత చిమ్మాలో చెబుతుంది. అంటే బాష్ సీలు వేసి దాచిన పెట్టెని ఇంట్లో మూత లేకుండా తయారుచేసుకోవడం. లెక్క తప్పితే ఇంజను కాలుతుంది, ఆ నుక్సాన్ మీదే. నా దృష్టిలో ఈ తారీఖ్‌లో పెద్ద సంగతి ఇదే, పాటలూ నక్షాలూ దీని తర్వాతే.

షౌఖ్ తగ్గిపోవడానికి కారణం మాత్రం కంపెనీల కుట్ర అనలేను. ఫోన్ వచ్చింది. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల రాస్‌ప్‌బెరీ పై బయటికొచ్చేసరికి, అది చేయగల పని సగం జేబులోని ఫోన్ చేస్తోంది. 2014లో యాపిల్ కార్‌ప్లే, మరుసటేడు ఆండ్రాయిడ్ ఆటో కార్లలోకి వచ్చాయి. తెరని కంపెనీ డ్యాష్‌బోర్డులో కలిపేసింది, ఏసీ మీటలు కూడా అందులోకే పోయాయి, గూడు మాయమైంది.

మూత ఎవరిది అన్న సవాల్ అప్పుడే కోర్టుల దాకా వెళ్లింది. 2014 ఆగస్టులో మన కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అసలైన విడిభాగాలు, కారు కంప్యూటర్‌ని చదివే డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. మరుసటేడు అమెరికాలో ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్, ట్రాక్టర్ కొన్నవాడికి అందులోని సాఫ్ట్‌వేర్ సొంతం కాదని, ట్రాక్టర్ ఉన్నన్నాళ్లు వాడుకునే ఇజాజత్ మాత్రమే ఉందని కాపీరైట్ ఆఫీసుకి రాసిచ్చింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం మరమ్మత్తు కోసం తెరవొచ్చని మినహాయింపు ఇచ్చింది. మరమ్మత్ మన మాటే. ఎన్ని ఖాందాన్లు ఆ ఒక్క మాట మీద బతికాయో, మెకానిక్ గల్లీల్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఉస్తాద్ చేతిలో టెస్ట్ లాంప్ ఉంటే చాలదు, పాస్‌వర్డ్ ఉండాలి.

పాత బండ్లు కూడా ఎన్నాళ్లో ఉండవు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయలు కాస్తా 5,000 అయింది. మీ ఇంట్లో అలాంటిది ఒకటి ఇంకా ఉండి, పిల్లలెవరైనా స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని చుట్టూ తిరుగుతుంటే తిట్టకండి. డ్రైవర్‌కి కనబడేలా వీడియోలు పెట్టనివ్వకండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే దాని తీగల జోలికి పోనివ్వకండి. బ్యాటరీ నుంచి లాగే ప్రతి తీగకీ ఫ్యూజు ఉండాలి, అదీ కంప్యూటర్ దగ్గర కాదు, బ్యాటరీకి జానెడు దూరంలో. తీగ దారిలో ఎక్కడ ఒరుసుకున్నా ముందు తెగాల్సింది ఆ ఫ్యూజే.